ఆరు సిలిండర్ల కార్ల ఎగ్జాస్ట్ విషయంలో మేం చేసిన పొరపాటు

మా దగ్గర డ్యూయల్ ఎగ్జాస్ట్ వేయించుకున్నవాళ్లకీ, అడ్వాన్స్ ఇచ్చి వరుసలో ఉన్నవాళ్లకీ ఒక మాట చెప్పాలి. ఆరు సిలిండర్ల కార్లకు ఇకమీదట అడగ్గానే ఎక్స్ పైపు వేయం. ఇన్నాళ్లూ వేశాం. కొన్నిటికి వేయకుండా ఉండాల్సింది.

డ్యూయల్ ఎగ్జాస్ట్‌లో రెండు పైపులు విడివిడిగా వెనక్కి వెళ్తాయి. మధ్యలో వాటిని కలిపేదే క్రాసోవర్. రెండింటికీ అడ్డంగా చిన్న పైపు ముక్క వెల్డ్ చేస్తే హెచ్. రెండూ దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి దాటినట్టు కలిస్తే ఎక్స్.

మేం ఈ పని నేర్చుకున్నది వీ8 ఇంజిన్ల మీద, అంటే రెండు వైపులా నాలుగేసి సిలిండర్లున్న వాటి మీద. మామూలు క్రాస్‌ప్లేన్ (క్రాంక్ షాఫ్ట్ మెలికలు 90 డిగ్రీల ఎడంలో ఉండే) వీ8లో ఒక వైపున్న నాలుగు సిలిండర్లు సమానమైన ఎడంతో పేలవు. క్రాంక్ షాఫ్ట్ తిరిగే కోణంలో చూస్తే రెండు 90 డిగ్రీల తేడాలో వెంటవెంటనే పేలతాయి, ఇంకోచోట 270 డిగ్రీల ఖాళీ వస్తుంది. పైపులో ఒత్తిడి ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి పక్క పైపుతో కలిపితే సర్దుకుంటుంది, తేడా తెలుస్తుంది. ఇప్పటి వీ6లు దాదాపు అన్నిట్లో ఒక్కో వైపు మూడు సిలిండర్లు సరిగ్గా 240 డిగ్రీలకోసారి పేలతాయి. తాళం తప్పని పైపును క్రాసోవర్ సరిదిద్దేదేముంది? ఆరూ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ సిక్స్‌లోనూ అంతే. 1-5-3-6-2-4 క్రమంలో ముందు మూడు, వెనక మూడు వంతులేసుకున్నట్టు పేలతాయి.

ఇదంతా మాకు తెలియంది కాదు. అయినా ఎనిమిదినీ ఆరునీ ఒకే గాటన కట్టేశాం. "పవర్ పెరుగుతుంది" అని చెబితే బేరం త్వరగా తెగుతుంది మరి. ఆరు సిలిండర్లకు క్రాసోవర్‌తో వచ్చే పవర్ డ్రైవింగ్‌లో పట్టుకోగలిగినంత ఉండదు. మారేది ముఖ్యంగా శబ్దం.

ఆ శబ్దం దగ్గరే దెబ్బతిన్నాం. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుందని ఒకరు కారు తిరిగి తెచ్చారు. తర్వాత ఇంకొకరు. మొదట సైలెన్సర్‌ని అనుమానించాం, మార్చాం కూడా. లిఫ్ట్ మీద తీరిగ్గా చూస్తే అసలు సంగతి తెలిసింది. ఎక్స్‌కు చోటు చాలక మేమే రెసొనేటర్లు (సైలెన్సర్‌కు తోడుగా పైపులో ఉండే, శబ్దాన్ని అణిచే డబ్బాలు) తీసేశాం. ఆ గరగరను మింగేవి అవే. హెచ్ ముక్క అయితే చోటు తక్కువ తింటుంది, రెసొనేటర్లు ఉన్నచోటే ఉంటాయి. అందుకే ఇక ముందు రెసొనేటర్లకు చోటు కొలిచి, మిగిలినదాన్ని బట్టి హెచ్చా ఎక్సా అని ఆలోచిస్తాం. చోటు నిజంగా ఉండి, సన్నని గొంతుతో సాఫీగా పలికే శబ్దం కావాలంటే ఎక్స్ బాగానే ఉంటుంది, దాని మీద పగేమీ లేదు.

హైవేలో క్యాబిన్‌లో వచ్చే గుమ్మనే మోత వేరే జబ్బు. 2000 ఆర్‌పీఎం దగ్గర ఆరు సిలిండర్లు సెకనుకు 100 సార్లు పేలతాయి. ఆ 100 హెర్ట్జ్ చెవుల్లో కూర్చుంటుంది. చివర మూసేసిన 1.1 నుంచి 1.2 మీటర్ల పైపును పక్కకు కలిపితే ఆ మోత చాలావరకు తగ్గుతుంది. పొగ వేడిని బట్టి పొడవు కాస్త అటూ ఇటూ అవుతుంది, కాబట్టి మొదటిసారికే కుదురుతుందని మాటివ్వను.

పైపు సైజు దగ్గర చాలామందితో వాదన పడుతుంది. టర్బో లేని మూడు, మూడున్నర లీటర్ల ఇంజిన్‌కు 2.25 అంగుళాల పైపులు రెండు చాలు. వాటి వైశాల్యం 3.18 అంగుళాల ఒంటి పైపుతో సమానం. రెండున్నర అడిగితే వేస్తాం గానీ మోత పెరిగిందని మళ్లీ రావద్దు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒక కారుకు క్రాసోవర్‌ను, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి ఇంజిన్‌కు చెప్పే ఆక్సిజన్ సెన్సర్ల కంటే ముందు వెల్డ్ చేశాం. ఒక వైపు పొగ రెండో వైపు సెన్సర్‌కు తగిలి చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. కోసి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు, సెన్సర్లు అన్నీ దాటాక మళ్లీ వేశాం. కన్వర్టర్లు మాత్రం ఎవరడిగినా తీయం.

రెసొనేటర్లు తీసేసి ఎక్స్ వేసిన కార్లన్నిటికీ లేబర్ తీసుకోకుండా మార్చి ఇస్తాం, సామాను ఖర్చు మీదీ మాదీ చెరిసగం. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు మనసు మార్చుకుంటే పూర్తిగా వాపసు. తెచ్చేముందు ఏ గేర్లో, ఎంత ఆర్‌పీఎం దగ్గర మోత వస్తోందో కాగితం మీద రాసి పెట్టుకోండి. కారు ముందు రోజు సాయంత్రమే వదిలితే మంచిది, వేడి పైపుల కింద చేతులు పెట్టలేం.