అమ్ములూ, ఐండోవెన్ నాకు ముందే తెలుసు

అమ్ములూ,

మొన్న ఫోన్లో నువ్వు "నాన్నా, చదువు అయిపోగానే వచ్చేస్తే అందరూ ఏమనుకుంటారు" అని అడిగావు, నేను చూద్దాంలే అని పెట్టేశాను, ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ మాట అడగడానికి నువ్వు ఎన్ని రోజుల నుంచి ఆలోచిస్తున్నావో అనిపించింది. నాకు ఫోన్లో మాటలు రావు కదా, అందుకే రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదువు తల్లీ.

నీకు నెదర్లాండ్స్‌లో, ఐండోవెన్‌లో సీటొచ్చిన రోజు మీ అమ్మ మ్యాప్ తీసి వెతుకుతుంటే ఆ ఊరు నాకు తెలుసు అన్నాను గుర్తుందా, నువ్వు నమ్మలేదు. 1994 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ మనకి రాత్రి ఒంటిగంటకి వచ్చింది, కాకినాడ హాస్టల్లో ఒక్క టీవీ ముందు మేం ఎంతమందిమో. బ్రెజిల్, ఇటలీ, గోల్ లేకుండా పెనాల్టీల దాకా వెళ్ళింది, బ్రెజిల్ ఆటగాడు రొమారియో కొట్టిన బంతి గోల్ పోస్ట్‌కి తగిలి లోపలికి పోయింది, ఆ ఒక్క క్షణం ఊపిరి ఆగిపోయింది నాకు. ఐదడుగుల ఆరంగుళాల మనిషి, వాళ్ళ భాషలో అందరూ పొట్టోడు అనే పిలుస్తారు. సెమీఫైనల్లో అంత పొడుగు స్వీడన్ డిఫెండర్ల మధ్య ఎగిరి తలతో గోల్ కొట్టాడు, మ్యాచ్‌లో పడ్డది ఆ ఒక్క గోలే. తర్వాత ఎవరో తెచ్చిన స్పోర్ట్స్ మ్యాగజైన్లో అతని కథ చదివా, ఐండోవెన్ అనే పేరు మొదటిసారి అక్కడే చూశా.

1988లో సియోల్ ఒలింపిక్స్‌లో 7 గోల్స్ కొట్టాక ఐండోవెన్ క్లబ్ పీఎస్‌వీ వాళ్ళు తీసుకెళ్ళారు. ఫిలిప్స్ కంపెనీ వర్కర్ల కోసం 1913లో పెట్టిన క్లబ్ అది, మీ తాతయ్య రేడియో ఫిలిప్స్. అప్పుడు రొమారియోకి 22, నీకన్నా ఒక్క ఏడాది చిన్న. బ్రెజిల్‌లో, రియో నగరంలో జకారెజిన్యో అనే పేదల బస్తీలో పుట్టి, ఎండలో, సముద్రం పక్కన పెరిగినవాడు ఒక్కసారిగా ఆ చలిలోకి వెళ్ళాడు. చలంటే పడదని దాచుకోకుండా చెప్పేవాడు, వీలు దొరికితే రియో వెళ్ళిపోయేవాడు, లేటుగా వచ్చేవాడు, ట్రైనింగ్ అంటే ఇష్టం లేదు. అవేవీ నేను మెచ్చుకోను. కానీ మైదానంలో దిగితే మాత్రం పని ఆగలేదు, 5 ఏళ్ళలో 3 లీగ్ టైటిల్స్. పెద్ద మ్యాచ్ ముందు కోచ్ హిడ్డింక్ టెన్షన్ పడుతుంటే ఇతనే వెళ్ళి కంగారు పడకు, నేను గోల్ కొడతా, మనం గెలుస్తాం అనేవాడని హిడ్డింకే తర్వాత చెప్పాడు. 1990లో కాలు విరిగి వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచే ఆడగలిగాడు, అది కూడా ఆ ఊళ్ళో ఉన్నప్పుడే. ఇంటికి అంత దూరంలో కాలికి కట్టుతో ఆ రోజులు ఎలా గడిపాడో అని నువ్వెళ్ళాక చాలాసార్లు అనుకున్నా.

తర్వాత స్పెయిన్ క్లబ్ బార్సిలోనా. మొదటి సీజన్లోనే లీగ్‌లో 30 గోల్స్, రియల్ మాడ్రిడ్‌ని 5-0తో ఓడించిన రోజు హ్యాట్రిక్. వరల్డ్ కప్ గెలిచాడు, ప్రపంచంలో బెస్ట్ ప్లేయర్ అని ఫిఫా అవార్డు ఇచ్చింది. సరిగ్గా అప్పుడే, 1995 జనవరిలో, అన్నీ వదిలేసి రియోకి వచ్చేశాడు, అక్కడి ఫ్లమెంగో క్లబ్‌కి. ఇది నీకు చెప్పాలనే ఇంత రాస్తున్నా. మా హాస్టల్లో అందరూ పిచ్చోడు అన్నారు, అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నా, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. ఎక్కడైనా బాగా ఆడగలనని చూపించేశాక తనకి ఇష్టమైన చోట ఆడతానన్నాడు, అందులో తప్పేముంది.

వచ్చిన వెంటనే అంతా బాగుపడిందని కూడా చెప్పను. ఆ ఏడాది ఫ్లమెంగోకి నూరేళ్ళు, ఊరంతా ఎదురుచూస్తే రియో టైటిల్ అదే ఊరి ఇంకో క్లబ్ ఫ్లూమినెన్స్ ఎత్తుకుపోయింది. మళ్ళీ స్పెయిన్ వెళ్ళాడు, వాలెన్సియాకి, కుదరలేదు, మళ్ళీ వచ్చాడు. ఒకసారి వచ్చేస్తే తలుపులు మూసుకుపోతాయని నువ్వన్నావు చూడు, అలా ఏం ఉండదమ్మా. ఖతర్ వెళ్ళాడు, మయామీ వెళ్ళాడు, ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కి కూడా వెళ్ళాడు, ప్రతిసారీ రియోకే చేరాడు. 2000 డిసెంబర్లో దక్షిణ అమెరికా క్లబ్బుల మెర్కోసూర్ కప్ ఫైనల్, రియో క్లబ్ వాస్కో తరఫున, హాఫ్ టైమ్‌కి పాల్మెయిరాస్ వాళ్ళ గ్రౌండ్‌లో 3-0 వెనకబడి, పైగా ఒక ప్లేయర్‌కి రెడ్ కార్డ్, అయినా 4-3తో గెలిచారు, అందులో 3 గోల్స్ ఇతనివి, ఆఖరిది ఇంజరీ టైమ్‌లో. అప్పటికి 34 ఏళ్ళు. 39 ఏళ్ళప్పుడు 22 గోల్స్‌తో బ్రెజిల్ లీగ్ టాప్ స్కోరర్.

అదే 2005లో అతనికి ఐవీ అని పాప పుట్టింది, డౌన్ సిండ్రోమ్‌తో. నెల తిరిగాక బ్రెజిల్ తరఫున ఆఖరి మ్యాచ్, గ్వాటెమాలా మీద గోల్ కొట్టి జెర్సీ పైకెత్తాడు, లోపల బనియన్ మీద తనకి డౌన్ సిండ్రోమ్ ఉన్న చిట్టి కూతురు ఉందని, ఆమె యువరాణి అని రాసుంది. దేశం మొత్తం చూస్తుండగా. తర్వాత సెనేటర్ అయ్యాక కూడా అలాంటి పిల్లల కోసం మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంకొక్కటి. రొమారియో వాళ్ళ నాన్న పేరు ఎడెవైర్, ఆయన అమెరికా అనే చిన్న రియో క్లబ్ అభిమాని. కొడుకుని ఆ జెర్సీలో చూడాలని ఆయన కోరిక, చూడకుండానే పోయాడు. 2009 నవంబర్లో, రిటైర్మెంట్ ప్రకటించేశాక, 43 ఏళ్ళ వయసులో రొమారియో ఆ ఎర్ర జెర్సీ వేసుకుని రియో సెకండ్ డివిజన్ మ్యాచ్‌లో దిగాడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఆ నాన్నే గుర్తొస్తాడు.

నాకు అలాంటి కోరికలేం లేవు అమ్ములూ, నువ్వు ఏ జెర్సీ వేసుకున్నా సరే. అక్కడే ఉంటానంటే ఉండు, వస్తానంటే టికెట్ ఎప్పటికి బుక్ చేయాలో మెసేజ్ పెట్టు, ఎవరేమన్నా నేను చూసుకుంటా. పైగది కిటికీకి దోమల మెష్ కొత్తది వేయించాను, నీ పుస్తకాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

స్టేడియం మీ స్టేషన్‌కి దగ్గరేనట, ఎండ వచ్చిన రోజు అటు నడిచి వెళ్ళి ఒక ఫోటో తీసి పంపవా. మందపాటి జాకెట్ వేసుకుని వెళ్ళు.

నాన్న