వచ్చే నెల నుంచి బిల్లు పెరుగుతుంది, యూనివర్సిటీ లైను సంగతి కూడా చెబుతా

అనంతపురం కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి మా ఇంటర్నెట్ ప్లాన్లన్నిటి మీద తలా 40 రూపాయలు పెంచుతున్నాం. మాకు బ్యాండ్‌విడ్త్ అమ్మే పెద్ద కంపెనీ రేటు పెంచింది. కొన్నాళ్ళు మేమే భరించినాం, ఇంక మా వల్ల కాదు.

ఈ మాట అనగానే చాలామంది అడుగుతున్నారు: "అప్పా, యూనివర్సిటీకి సర్కారు అంత లావు లైను ఇచ్చింది కదా, సెలవుల్లో ఊరికే పడుంటుంది. దాంట్లోంచి మనకు ఇప్పించుకోకూడదా?" కుదరదు. ఆ లైను నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ది, యూనివర్సిటీలను, పరిశోధన సంస్థలను కలిపే సర్కారు నెట్‌వర్క్. దాన్ని కేంద్రం 2010లో మంజూరు చేసింది చదువులకు, పరిశోధనకు. దాన్ని ఇంటింటికీ అమ్మితే నా లైసెన్సుకే ఎసరు.

అయితే మీరు అడిగింది వింతేం కాదు. అమెరికాలో ఇదే పంచాయితీ నడిచింది. అక్కడి సర్కారు సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పరిశోధన కోసం వేసిన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ అనే నెట్‌వర్క్ మీద వ్యాపారం చేయకూడదని నియమం. దాన్ని నడిపే మెరిట్ (మిషిగన్ యూనివర్సిటీల నెట్‌వర్క్ సంస్థ), కంప్యూటర్ కంపెనీ ఐబీఎం, ఫోన్ల కంపెనీ ఎంసీఐ కలిసి 1990లో ఏఎన్‌ఎస్ అని లాభాపేక్ష లేని సంస్థ పెట్టినాయి. మరుసటేడు దాని కింద లాభాల కోసమే ఇంకో కంపెనీ లేచింది! అవే తీగల మీద డబ్బులు తీసుకుని వ్యాపార ట్రాఫిక్ పంపుతామనింది. పోటీ కంపెనీలు భగ్గుమన్నాయి. పీఎస్‌ఐనెట్, యూయూనెట్, సెర్ఫ్‌నెట్ అదే 1991లో సీఐఎక్స్ అని సొంత కూడలి పెట్టుకుని, ఒకరి ట్రాఫిక్ ఒకరు పైసా తీసుకోకుండా మార్చుకున్నాయి. 1992లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) చట్టం సవరించి నియమం సడలించింది. 1995 ఏప్రిల్ 30న ఆ ప్రభుత్వ ప్రధాన లైన్లనే ఆపేసినారు, బరువంతా ప్రైవేటు కంపెనీలకు పోయింది. అదే ఏడాది ఆగస్టు 15న ఇక్కడ మన సర్కారు కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ అమ్మకం మొదలుపెట్టింది. మొదట మహానగరాల్లోనే లెండి.

అమెరికాలో ముందు లాభపడజూసింది లైను చేతిలో ఉన్న పెద్దోళ్ళే. అందుకే సర్కారు లైను తలుపు తెరిస్తే మీకు చౌకగా వస్తుందని నేను నమ్మను. ముందు లోపలికి దూరేది నాలాంటోడు కాదు, టెండరుకు డిపాజిట్టు కట్టగలిగినోడు. మిగులు బ్యాండ్‌విడ్త్ ఇచ్చేదే అయితే చిన్నోడికీ పెద్దోడికీ ఒకటే రేటు, ఆ రేటు బోర్డు మీద రాసి ఇవ్వాల. అట్లయితే మొదటి అర్జీ నాదే. అంతవరకు వద్దనే అంటా.

ఏడాదికి ఒకేసారి కట్టినోళ్ళకు గడువు అయ్యేదాకా పాత రేటే. వసూలుకు వచ్చే పిల్లోణ్ణి మాత్రం తిట్టొద్దు, ఏమున్నా ఆఫీసుకొచ్చి నన్నే అడగండి.