మిషనులో పాదరసం లేదు, నంబరు ఉంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో ‘నూట యాభై ఏళ్ల నాటి ఇంగ్లండు కుట్టు మిషను’ అంటూ ఒక సింగర్ మిషను ఫొటో, కింద నాలుగు వాక్యాలు వేశారు. ఫొటోలో మిషను నంబరు స్పష్టంగానే పడింది. భూతద్దం పెట్టి చూశాను. అంకెలకు ముందున్న అక్షరం ‘వై’. సింగర్ కంపెనీ ఇంటి మిషన్ల నంబర్ల ముందు అక్షరం వేయడం మొదలుపెట్టిందే 1900లో. అంతకు ముందువాటి మీద ఉత్త అంకెలే ఉంటాయి. ‘వై’ వరుస 1920ల తొలినాళ్ల నుంచి 1930ల నడిమి దాకా నడిచింది. కాబట్టి ఆ మిషను వయసు సుమారు వందేళ్లు. ఆ అక్షరాన్ని బట్టే అది ఇంగ్లండుదీ కాదని తెలుస్తుంది. సింగర్ అనే ఆ అమెరికా కంపెనీ స్కాట్లాండులో, క్లైడ్‌బ్యాంక్ ఊళ్లో కట్టిన కార్ఖానాలో తయారైంది.

ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, తప్పు కనబడితే ఊరుకోలేను. అంతకు మించి, అదే అక్షరం ఉన్న చేతి మిషను మా ఇంట్లోనూ ఉంది. అది మా నాయనమ్మది. 1918లో ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివారు సారెతో పాటు పంపారని మా ఇంట్లో అందరూ చెప్పుకొనేవారు. నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. రెండేళ్ల కిందట దుమ్ము దులుపుతుంటే, కుడి పక్కన చక్రం కింద చిన్న ఎత్తు మీద నంబరు కనబడింది. ‘వై’, ఆ తర్వాత ఏడంకెలు. లెక్క చూస్తే 1920ల రెండో సగానికి తేలింది. కాపురానికి వచ్చాక పదేళ్లకు సారె ఎవరు పంపుతారు?

ఎనభై ఏడేళ్ల మా మేనత్తను అడిగాను. ఆవిడ నవ్వి, “సారె ఏమిటే! మా అమ్మ ఊరందరికీ రవికలు కుట్టి, నెలనెలా వాయిదా కట్టి తీర్చుకుంది. ఆ మాట బయటపడితే మీ తాతయ్యకు నామోషీ అని సారె అన్నారు” అంది. సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతిని 1850లలోనే మొదలుపెట్టిందని చదివాను కనుక మేనత్త మాట నమ్మాను. తాతయ్య బతికి ఉంటే ఒప్పుకొనేవాడు కాదు!

క్లైడ్‌బ్యాంక్ కార్ఖానా 1885లో మొదలై 1980లో మూతపడింది. దాని గడియారపు గోపురాన్ని 1963లోనే కూల్చేశారు. అక్కడి రైల్వే స్టేషను పేరు మాత్రం ఇప్పటికీ ‘సింగర్’. 1911లో చెక్క పెట్టెలకు మెరుగు పెట్టే ఆడవాళ్లు పన్నెండు మంది, అదనపు పని మోపారని పని ఆపేస్తే, కొద్ది రోజుల్లో వేల మంది వాళ్ల వెంట బయటికి వచ్చారట. మా మిషను పెట్టె ఆ సమ్మె తర్వాతిదే. అయినా దాని వంపు మూతను తుడిచేటప్పుడల్లా వాళ్లే గుర్తొస్తారు.

మీరు వేసిన వార్తలో నన్ను కలవరపెట్టింది ఆఖరి వాక్యం: ‘వీటికి మార్కెట్లో లక్షలు పలుకుతున్నాయి’. పోయిన వేసవిలో ఒక దళారి మా గుమ్మం ఎక్కాడు. సూది దగ్గర సెల్‌ఫోను పెట్టి, సిగ్నలు పోతే లోపల ఎర్ర పాదరసం (ఎంతో విలువైనదని మోసగాళ్లు చెప్పే, అసలు ఉనికే లేని పదార్థం) ఉన్నట్టేనని, అప్పుడు ధర తానే చెబుతానని అన్నాడు. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు పుట్టి, పాత సింగర్ మిషన్ల కోసం జనం ఎగబడ్డారు. ఏ మిషనులోనూ పాదరసం దొరకలేదు. మన దగ్గర బియ్యాన్ని లాగే మహిమ గల చెంబు (రైస్ పుల్లర్) పేరుతో ఎన్ని కుటుంబాలు మునిగాయో మీ పత్రికే రాసింది. ‘లక్షలు’ అన్న మీ మాట చదివి ఎవరైనా దళారికి అడ్వాన్సు ఇస్తే ఆ పాపం ఎవరిది? లోపల ఉండేది ఇనుము, కాస్త నూనె, బోలెడు దారపు పీచు.

వయసు సవరిస్తూ చిన్న వివరణ వేయండి. ఆ మిషను యజమానికి ఒక మాట చేరవేయండి: కిరసనాయిలు గుడ్డతో రుద్దవద్దు. మా మెకానిక్కు అలా రుద్దే బంగారు తీగల బొమ్మలు సగం చెరిపేశాడు. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల మిషను నూనె చాలు.

మాది తూటా ఆకారపు షటిల్ (కింది దారపు బాబిన్‌ను పట్టుకుని కదిలే భాగం) ఉన్న రకం. దానికి ఇప్పుడు అంగళ్లలో దొరికే గుండ్రటి బాబిన్ పట్టదు, సన్నగా పొడుగ్గా ఉండేది కావాలి. నా దగ్గర రెండే మిగిలాయి, అందులో ఒకటి వంగింది. మీ పాఠకుల్లో ఎవరి అటక మీదైనా అలాంటివి పడి ఉంటే మీ కార్యాలయానికి తెలియజేయమని కోరండి. సంక్రాంతిలోపు మనవరాలి లంగా పూర్తి చేయాలి.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
తెనాలి