పేటెంట్ల పాఠంలో కర్టిస్ పేరూ ఉండాలి

సంపాదకుల వారికి,

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు పేటెంట్ల జోరు నడుస్తోంది. జాతీయ ర్యాంకింగులో వాటికీ మార్కులున్నాయి మరి! ఎన్ని దాఖలు చేశామో బ్రోచర్లలో పెద్దక్షరాలతో వేసుకుంటున్నారు. చేతికొచ్చాక వాటితో ఏం చేయాలో చెప్పేవాళ్లే కనబడరు. చెప్పదలిస్తే తొలినాటి అమెరికా విమాన నిర్మాత గ్లెన్ కర్టిస్‌తో మొదలుపెట్టొచ్చు.

న్యూయార్క్ రాష్ట్రంలోని హ్యామండ్స్‌పోర్ట్‌లో సైకిల్ షాపు నడిపిన మనిషి. ఆపైన మోటార్ సైకిళ్లకు దిగాడు. 1907లో సొంత ఎనిమిది సిలిండర్ల ఇంజన్ బిగించిన బండి మీద గంటకు 219 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. మరుసటేడు జులై 4న, గ్రాహంబెల్ బృందంతో కలిసి కట్టిన 'జూన్ బగ్' విమానాన్ని జనం చూస్తుండగా కిలోమీటరుకు పైగా నడిపాడు. దాని రెక్కల చివర్లలో చిన్న పలకలుండేవి. వాటిని కదిపే పట్టీ పైలట్ భుజాలకు తగిలించి ఉండేది. ఒళ్లు పక్కకు వాల్చితే పలకలు కదిలి, విమానం ఒక పక్కకు ఒరగడాన్ని అదుపు చేసేవి. ఇప్పుడు విమానం మలుపు తిరిగేటప్పుడు కిటికీ సీట్లోంచి చూడండి, రెక్క చివర లేచి దిగే పలక ఆ జాతిదే.

రైట్ సోదరులు పలకలు పెట్టలేదు, రెక్కనే మెలితిప్పేవారు. అయినా విమానం ఒరుగును ఏ పద్ధతిలో అదుపు చేసినా అది తమ పేటెంటు కిందికే వస్తుందని 1909లో కర్టిస్ మీద కోర్టుకెక్కారు. 1914లో అప్పీలు కోర్టూ వారి పక్షానే నిలిచింది. మూల ఆలోచన వాళ్లది కాబట్టి తప్పనలేం. కర్టిస్ కూడా తక్కువ తినలేదు: రైట్ల పేటెంటు పట్టు సడలించాలని, అంతకుముందు కూలిపోయిన, లాంగ్లీ అనే శాస్త్రవేత్త విమానాన్ని తెప్పించి, దానికి మార్పులు చేసి ఎగరేసి, రైట్ల కన్నా ముందే ఇది ఎగరగలిగేదని చూపించబోయాడు.

ఇంతలో 1917 వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన అమెరికా పైలట్లు, సొంత దేశంలో తగిన యుద్ధవిమానాలు లేక, ఫ్రాన్సు విమానాలెక్కి పోరాడాల్సి వచ్చింది. కేసులొక్కటే కారణమనను. కానీ ప్రభుత్వం కలగజేసుకుంటే గానీ పేటెంట్లన్నీ ఒక సంఘం కిందికి రాలేదు. ఆ తర్వాత సభ్య కంపెనీలు విమానానికి 200 డాలర్ల చొప్పున కట్టి, ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకున్నాయి. 1929లో ఆ రెండు పేర్లూ కలిసి కర్టిస్-రైట్ కంపెనీ అయ్యాయి! 1942లో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో బిగించిన హాక్ ఫైటర్లు ఆ కంపెనీవే.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఈ కేసును ఇంజినీరింగ్ సిలబస్‌లో చేర్చాలి. దరఖాస్తు ఎలా నింపాలో నేర్పే మేధోహక్కుల సెల్‌లు పేటెంటును నలుగురితో ఎలా పంచుకోవాలో, ఎంతకు ఇవ్వాలో కూడా నేర్పాలి.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ మాస్టారు, తెనాలి