మామిడికి సరిహద్దు అడ్డుగోడ ఎందుకు?

చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి మామిడి మన జిల్లాలోకి రాకుండా చెక్‌పోస్టుల వద్ద ఆపించారు. ఉద్దేశం మాలాంటి రైతులను కాపాడడమే, కాదనను. కిలోకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు రైతుకు ఇవ్వాలన్న అప్పటి ఏర్పాటూ అందుకే. కానీ ధర పడింది సరిహద్దు అవతలి కాయ వల్లనేనా? పాత గుజ్జు నిల్వలు అమ్ముడుపోకుండా పేరుకుపోతే, కొత్త కాయ ఎవరు కొంటారు?

మన పలమనేరు టమోటా చెన్నైకి వెళ్తుంది. రేపు తమిళనాడు గేటు వేస్తే ఏ ముఖంతో అడుగుతాం? దేశమంతటా స్వేచ్ఛా వ్యాపారం రాజ్యాంగం 301వ అధికరణలోని మాట. మినహాయింపులున్నా, అది ఉత్త అలంకారం కాదు.

వచ్చే సీజనులో చెక్‌పోస్టుకు పంపే సిబ్బందిని ఫ్యాక్టరీల గేట్ల వద్దకు పంపండి. ఏ ఫ్యాక్టరీ ఈరోజు ఎంతకు కొంటోందో ప్రతి ఉదయం బోర్డు మీద రాయించండి. ట్రాక్టరు ఎటు తిప్పాలో మేమే చూసుకుంటాం.

ఇట్లు,
బంగారుపాళ్యం మామిడి రైతు