మంగళవారం వచ్చే ఆవిడ

ఏమే, ఎలా ఉన్నావ్? కిందటిసారి ఫోన్‌లో మీ అంగన్‌వాడీలో మాటలు రాని పాప గురించి చెప్పావు కదా, అప్పటినుంచీ నీకు ఇది రాయాలని ఉంది.

ఇక్కడ టెక్సస్‌లో నేను పనిచేసే డేకేర్‌కి ప్రతి మంగళవారం ఒక స్పీచ్ థెరపిస్ట్ వస్తుంది. మూడేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల ఆలస్యమైతే ఈసీఐ అనే కార్యక్రమం కింద సాయం చేస్తారు. ఇలాంటి సాయం 1986లో చేసిన చట్టంతో దేశమంతటా మొదలైందట. ఇల్లయినా డేకేరయినా, పిల్లలు రోజూ గడిపే చోటికే వీలైనంత వరకు వాళ్లు వస్తారు.

మా గదిలో ఒక తెలుగు బాబు ఉన్నాడు. 22 నెలలొచ్చినా ఒక్క మాట లేదు. కావలసింది దొరక్కపోతే నేల మీద పడి ఏడుపే. మొదట్లో ఆవిడ వాణ్ణి ఓ మూలకి తీసుకెళ్లి, బొమ్మలతో ఏదో చేయించి వెళ్లిపోయేది. వారానికి గంటసేపు ఆవిడ దగ్గరుంటే, మిగతా రోజులన్నీ వాడు నా దగ్గరే. ఆ గంటలో ఏం చేశారో నాకు తెలియకపోతే ఏం లాభం చెప్పు? ధైర్యం చేసి ఆ మాటే అడిగాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "రోజంతటిలో ఈ బాబుతో మీకు ఏ టైం కష్టం?" అంది. స్నాక్ టైం అన్నాను. తర్వాతి వారం సరిగ్గా ఆ టైంకే వచ్చి, పిల్లల పక్కనే ఆ చిట్టి కుర్చీలో కూర్చుంది. బిస్కెట్లన్నీ ఒకేసారి పెట్టకుండా ఒకటి పెట్టి, వాడి కళ్లలోకి చూస్తూ మనసులో ఐదు లెక్కపెట్టమంది. రెండు చేతుల వేళ్లూ కలిపి తట్టడం "ఇంకా కావాలి" అనే సైగ. అది చేస్తూ "ఇంకా" అని నోటితో కూడా అనాలి. ఆ ఐదు లెక్కపెట్టడం ఎంత కష్టమనుకున్నావ్! తొమ్మిదిమంది పిల్లల మధ్య చెయ్యి ఆగదే, అడక్కముందే పెట్టేస్తాం. నేను తొందరపడితే ఆవిడ నా మోచేతి మీద మెల్లగా చెయ్యి వేసేది.

మూడు వారాలు ఏమీ లేదు. నాలుగో వారం వాడు వేళ్లు కలిపాడే! వాణ్ణి చూసి బల్ల చుట్టూ ఉన్న పిల్లలందరూ తట్టడమే. సాయంత్రం వాళ్లమ్మకి చూపించి, ఇంట్లో పెరుగన్నం దగ్గర చేయించమన్నాను. మర్నాడే వీడియో పంపింది. ఆమెకి ఇంకో టెన్షన్, ఇంట్లో తెలుగు మానేయాలేమోనని. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు, మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి అని థెరపిస్ట్ గట్టిగా చెప్పింది. ఇన్నాళ్లూ నేనూ అదే కారణమనుకున్నాను.

ఇక మీ పాప సంగతి. పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే టీం మీ దగ్గరికి ఏడాదికి రెండుసార్లే కదా వస్తుంది. వాళ్లొచ్చేదాకా ఆగకు. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని నాయనమ్మ అన్నా సరే, జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీకి, అంటే ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని చూసే కేంద్రానికి, తీసుకెళ్లమని వాళ్లమ్మకి చెప్పు. ముందు చెవులు పరీక్ష చేయించాలి. వీలైతే నువ్వూ వెంట వెళ్లు. ఇంట్లో ఏం చేయాలో తల్లికి ఎలాగూ చెప్తారు, అంగన్‌వాడీలో ఏం చేయాలో నువ్వు అడుగు. ఈలోపు గుడ్డు పెట్టేటప్పుడు ముక్క ముక్కగా పెట్టి, పాప వైపు చూస్తూ కాసేపు ఆగు. ఆయమ్మకి కూడా చూపించు, వడ్డించేది ఆవిడే కదా.

వెంటనే జవాబు రాయవే. పాపకి వినికిడి ఎలా ఉందన్నారో ముందు అది రాయి.