కొండ మీద చలి: ఒక్క అంకెతో తేలని లెక్క

సంపాదకులు గారికి నమస్కారములు.

కొండలపై చలి ఎందుకన్న ప్రశ్నకు మీ పిల్లల పేజీలో, కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. అంకె సరైనదే, అది సగటు మాత్రమేనని చెప్పనందున కొరాపుట్‌లోని మా పిల్లలకు చదివినదానికీ చూసినదానికీ పొంతన కుదరడం లేదు.

ఎండకు ముందు నేల కాగుతుంది; దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కనుక వ్యాకోచించి, అందుకు కావలసిన శక్తిని తన వేడిలోంచే ఖర్చుపెట్టి చల్లబడుతుంది. సాలూరులో కొన్న చిప్స్ పొట్లం ఘాటీ ఎక్కి పొట్టంగి చేరేసరికి బూరెలా ఉబ్బడం మా దారిన బస్సెక్కే వారందరూ చూసినదే. దానికీ తగ్గిన ఒత్తిడే కారణం. పొడిగాలి ఇలా లేచేటప్పుడు కిలోమీటరుకు దాదాపు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. మేఘం కట్టేంత తేమ ఉంటే, ఆవిరి నీరయ్యేటప్పుడు వెలువడే వేడి ఆ తగ్గుదలను నెమ్మదింపజేస్తుంది. సుమారు 120 మీటర్ల ఎత్తున్న సాలూరుకూ 870 మీటర్ల కొరాపుట్‌కూ మీ సగటు ప్రకారం అయిదు డిగ్రీల తేడా ఉండాలి. వేసవి మధ్యాహ్నం బస్సు దిగగానే ఆ తేడా ఒంటికే తెలుస్తుంది.

పుష్యమాసపు తెల్లవారుజామున మాత్రం లెక్క తలకిందులవుతుంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. దాన్నంటిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయలో నీరులా నిలుస్తుంది. మా ఇంటి దిగువ పొలాల్లో వేసే చలిమంటల పొగ జీలుగు చెట్టంత ఎత్తు లేచి, అక్కడేదో చూరు తగిలినట్టు ఆగి, అడ్డంగా పరుచుకుంటుంది. ఆ పొగకు పైన, వాలు మీద కాపురమున్న వారికే చలి తక్కువ. ఉష్ణోగ్రతా విలోమం అంటే ఇదే. మన ప్రాంతంలో 16, 17 కిలోమీటర్లు దాటాక ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడం వల్ల ఉష్ణోగ్రత మళ్లీ పెరగడం వేరే సంగతి. విలోమం చూడటానికి అంత పైకి పోనక్కరలేదు, పెరట్లో నిలబడితే చాలు.

మరొక మనవి. మాకు వచ్చే సంచికలో మైదానపు ఊళ్ల ఉష్ణోగ్రతలే అచ్చవుతున్నాయి. కొరాపుట్, జయపురం, రాయగడల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను, పక్కనే ఆయా ఊళ్ల ఎత్తుతో సహా ప్రచురిస్తే, ఏ రోజు మీ జవాబు సరిపోయిందో, ఏ రోజు సరిపోలేదో పిల్లలే లెక్క వేసుకుంటారు.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, కొరాపుట్ (ఒడిశా)